తువ్వాల చాటు నవ్వు

"తెర లేవకముందే నీ పళ్లు స్టేజీ మీదికొస్తయిరా" అని డ్రామా సారు ఏడో తరగతి లాలును రాజు వేషం నుంచి పీకేశాడు. ఆనాటి నుంచి లాలు నవ్వొస్తే చాలు, భుజం మీది తువ్వాల నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఇల్లందు బస్టాండు పక్కన సైకిల్ షాపు పెట్టుకున్నాక కూడా అంతే. ముప్పయ్యో ఏట ఖమ్మం పోయి పళ్లకు తీగ కట్టించుకున్నాడు. నెలకోసారి కొద్దికొద్దిగా బిగించాలి, ఏడాదిన్నర పడుతుందన్నది డాక్టరు సుశీలమ్మ. లాలుకు ఆగబుద్ధి కాలేదు. తీగ బిగించడం తనకు తెలియని విద్యా? షాపులోని సన్నమూతి ప్లయరుతో ఒక్క పూటలో బిగించి పడేశాడు. మూడోనాటికి చెంప వాచి, ముందు పన్ను ఊగుతుంటే, ఉన్నది కూడా ఊడుతుందని హడలిపోయి బస్సెక్కాడు.

"స్పోకులన్నీ ఒక్కసారే బిగిస్తే రిమ్ము ఏమైతదయ్యా?" అన్నది సుశీలమ్మ, తీగ వదులు చేస్తూ.

"వంకర పోతది మేడం."

"పన్ను గూడ గంతే. మెల్లగ నెడితేనే జరుగుతది. ఎనక ఎముక పెరగాలె గదా!"

పన్ను నిలిచింది. లాలు మళ్లీ ప్లయరు నోటిదాకా తేలేదు. తీగ తీసేసిన నెలకు చూపించుకోవడానికి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే చెప్పాడు:

"మొన్న డ్రామా సారు సైకిల్ తెచ్చిండు మేడం. పళ్లన్నీ కనబడేటట్టు నవ్విన. గుర్తుపట్టలే. తువ్వాల అడ్డం పెట్టుకున్న. 'ఓరి లాలూ, నువ్వా!' అన్నడు."