సాయంత్రం కంటి చుక్కలు

కంట్లో చుక్కల మందు ఎవరైనా వేస్తారు. చుక్క పడ్డాక ముక్కు పక్కన, కంటి మూలను వేలితో నొక్కి రెండు నిమిషాలు పట్టుకోవడం మాత్రం మా ఆవిడకే చేతనవును. మగ్గాల పనికి వలస వచ్చిన డిండోలిలో, మా ఒంటిగదిలో రోజూ సాయంత్రం ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకునేవాడిని. ఆ రెండు నిమిషాల్లో వాడకట్టు కబుర్లన్నీ చెప్పేది. కదిలితే నెత్తిన ఒక మొట్టికాయ వేసేది.

నా కళ్లలో ఒత్తిడి ఎక్కువని డాక్టరు చెప్పాడు. నొప్పి ఉండదట. చూపు పక్కల నుంచి పోతుంది, పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలంటే చుక్కలు ఒక్కరోజూ మానకూడదన్నాడు. నేను తలూపాను. ఆమె విన్నది.

కరోనాతో మగ్గాలు బందయ్యాయి. రైళ్లు వదలగానే ఆమెను కరీంనగర్ దగ్గర తల్లిగారింటికి పంపించాను. కార్ఖానా తెరిస్తే నా జాగా ఇంకొకరికి పోతుందని నేను ఆగిపోయాను. కొన్నాళ్లకు చుక్కల సీసా అయిపోయింది. మందుల దుకాణం గల్లీ చివరనే ఉంది, తెరిచే ఉంది. కానీ మా మగ్గాల వాళ్లం నడిచే మిషనుకే నూనె పోస్తాం, ఆగినదానికి పోయం. దారం చూసే పనే లేనప్పుడు కంటికి మాత్రం మందెందుకు అనుకున్నాను. అంతటి తెలివి నాది.

ఆమె రోజూ ఫోన్లో అడిగేది.

"సుక్కలేసుకున్నవా?"

"ఏసుకున్న."

"మూల వత్తి పట్టినవా?"

"పట్టిన తియ్యి."

ఫోను పెట్టేశాక మందు లేకుండానే నా వేలితో కంటి మూల నొక్కుకునేవాడిని. అది ఆమె వేలు కాదు. ఆ చేతి కోసం ప్రాణం కొట్టుకునేది.

కొన్ని నెలలకు ఆమె తిరిగి వచ్చింది. ఉధ్నా స్టేషనుకు గంట ముందే పోయాను. బండి వచ్చింది, జనం దిగారు, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఆమె రాలేదనుకున్నాను.

"ఎవలి కోసం సూస్తున్నవ్?"

తల పూర్తిగా ఎడమకు తిప్పితే కనబడింది.

"గింతసేపటి సంది నీ పక్కనే నిలవడ్డ. సూసి సూడనట్టు చేస్తున్నవనుకున్న," అని నవ్వింది. నేను నవ్వలేదు. నా ముఖం చూసి ఆమె సంచి కింద పెట్టింది.

"ఎన్నొద్దులాయె సుక్కలెయ్యక?"

మళ్లీ రోజూ ఆమే వేస్తోంది. పోయిన చూపు పోయింది, మిగిలింది నిలబడింది. అదే ఒడి, అదే వేలు. కబుర్లు మాత్రం చెప్పదు. మొట్టికాయ పడుతుందేమోనని అప్పుడప్పుడు కావాలనే కదులుతాను.