మూడు ప్లేట్ల బజ్జీలు, ఒక పాత కారు

పోయిన శుక్రవారం నేను క్లాసులో ఉండగా హిందీ టీచర్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "అక్కా, మన మెకానిక్ చాచా పోయిండట. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే పానం పోయిందట" అంది. వరండాలో ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి బజ్జీలు గుర్తొచ్చి, ఏడుస్తూనే నవ్వాం.

బాన్సువాడలో చాచాది చిన్న రేకుల షెడ్డు. ఎవరు బండి తెచ్చినా ఆయన వెంటనే బానెట్ ఎత్తేవాడు కాదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఎప్పుడు ఆగుతుంది, ఎంతసేపటికి లేస్తుంది అని డాక్టర్‌లా అడిగేవాడు. "మనిషినైనా బండినైనా ముందుగాల అడగాలె, తర్వాతనే విప్పాలె" అనేవాడు.

ఎనిమిదేళ్ల కిందట నా పాత తెల్ల కారును ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. అందులోనే మేం నలుగురు టీచర్లం రోజూ బీర్కూర్ బడికి వెళ్లివచ్చేవాళ్లం. పొద్దున ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. దారిలో కూరగాయలకని కాసేపు ఆపామా, ఇక మొండికేసేది. చీరకొంగులు దోపుకుని ఎన్నిసార్లు తోశామో! ఇద్దరు మెకానిక్‌లు బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు. రోగం మాత్రం మారలేదు. విసిగిపోయిన మా ఆయన పెద్ద కొడప్‌గల్ నుంచి ఒక బేరగాణ్ణి మాట్లాడాడు. ఆదివారం వచ్చి కారు తీసుకుపోతాడు. "బస్సుంది కదా" అన్నాడు మా ఆయన. బస్సంటే నాకేం చిన్నచూపు లేదు. నా అంతట నేను నేర్చుకున్న ఆ స్టీరింగు వదలాలంటేనే ప్రాణం ఒప్పలేదు.

శనివారం బడి నుంచి వచ్చేటప్పుడు చాచా మాతోనే ఉన్నాడు. రోగం కళ్లారా చూస్తానని పొద్దున్నే బస్సులో బీర్కూర్ వచ్చేశాడు. కొంత దూరం పోయాక ఒక బజ్జీల బండి దగ్గర ఆపించాడు.

"ఒక ప్లేటు తిందాం. జల్ది తినాలె" అన్నాడు.

రెండు నిమిషాల్లో తిన్నాం. కారు స్టార్టయింది. ఇంజను బాగా వేడెక్కేదాకా అటూ ఇటూ తిప్పించి, మళ్లీ అక్కడే ఆపించాడు.

"ఇగ ఈ ప్లేటు నిమ్మళంగ తినుర్రి."

పావుగంట పట్టింది. కారు ఉలకలేదు, పలకలేదు. నాకు ఏడుపొస్తుంటే చాచా ముఖం వెలిగిపోయింది! అప్పుడు ఎత్తాడు బానెట్. వంగి వాసన చూశాడు.

"ఏందయింది చాచా?"

"ఏం ఫికర్ లేదు టీచరమ్మా. బండి ఆపినంక ఇంజను వేడంత పైకొచ్చి, కార్బొరేటర్ల పెట్రోలు పొంగుతుంది, పొయ్యి మీది పాల లెక్క. అది ఇంజన్ల పడి పొలమారుతుంది. గంతే. యాక్సిలేటర్ పూరా తొక్కి పట్టి, తాళం తిప్పు."

తొక్కి తిప్పాను. కారు రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి లేచింది. మేం చప్పట్లు కొట్టాం. మూడో ప్లేటు బజ్జీల బండాయనే ఊరికే ఇచ్చాడు.

సాయంత్రం షెడ్డులో కార్బొరేటర్ విప్పి చూపించాడు. వేడి పైకెక్కకుండా దాని కింద ఉండాల్సిన దళసరి అట్ట తీసేసి, ఎవరో పల్చటిది వేశారు. చాచా సరైనది బిగించాడు. ఆదివారం బేరగాడొచ్చాడు. ఎండలో ఊరంతా తిప్పి, ఇంటి ముందు ఆపి, చాయ్ ఇచ్చి, పావుగంటకు అతని ముందే తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. "మస్తుగున్నది, తీసుకపోత" అన్నాడతను. "అమ్మం" అన్నాడు మా ఆయన, నాకంటే ముందు.

ఆ తర్వాత చాచా ఒక పని చేశాడు. మమ్మల్ని చూసి చూసి, అరవై ఏళ్ల తన భార్యకు, మా చాచీకి, కారు నడపడం నేర్పించాడు. "నాకెందుకీ వయసుల?" అని ఆమె మొత్తుకుంటే, "బండి వయసు అడుగుతదా?" అన్నాడట.

పోయిన నెల బీర్కూర్ రోడ్డు మీద వాళ్లు ఎదురయ్యారు. కోతకొచ్చిన వరి రెండు పక్కలా బంగారంలా మెరుస్తోంది. చాచీ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, రెప్ప వేయకుండా ముందుకే చూస్తోంది. పక్క సీట్లో చాచా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, గాలికి తెల్ల గడ్డం ఎగురుతుంటే, పెళ్లి ఊరేగింపులో కూర్చున్నవాడిలా మాకు చెయ్యి ఊపుతూ పోయాడు.