మొగ పూడిన నాలుగేళ్లు

మా చిన్నప్పుడు ఇంట్లో సంవత్సరాలకు అంకెలుండేవి కావు... "మీ పెద్దత్త పుట్టింది మన వంతు మొగకాడ పడిన ఏడు" అనేది అవ్వ. అదెప్పుడని అడిగితే, "చెప్పినా కదమ్మే" అని మళ్లీ చేపలు తోముకునేది.

పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. వల వేసే చోట్లు ఏడు, జట్లు ఏడు. ఏటా ప్రతి జట్టూ తర్వాతి చోటికి జరుగుతుంది. సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే ముఖద్వారాన్ని మావాళ్లు మొగ అంటారు. దాని పక్క చోటు అన్నిటికన్నా మంచిది. ఆ వంతు వచ్చిన ఏడు ఎవరూ మరిచిపోరు.

పదో తరగతి అయ్యాక, సూళ్లూరుపేట కాన్వెంటులోనే ప్లస్ వన్‌లో హిస్టరీ తీసుకున్నాను. ఆ క్లాసులో ఉన్నది ముగ్గురం...

నాన్న చిన్న వయసులోనే వల వదిలేసి, పేటలో మోటార్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. నేను కామర్స్ చదవాలని ఆయన కోరిక. "చచ్చిపోయినోళ్ల కతలు చదివి ఏం చేస్తావు? హాఫ్ ఇయర్లీ దాకా చూస్తా. ఎందుకు పనికొస్తుందో చూపించు. లేదంటే మారిపో" అన్నాడు.

నాకు నోరు తక్కువ. వాదించలేదు. మారకూడదని మాత్రం అనుకున్నాను.

అప్పుడే నిర్మల మేడమ్ ప్రాజెక్టు ఇచ్చారు. మీ ఊరి గురించి ఒక్క సంగతి, ఆధారాలతో తేల్చి రాయాలి. మా ఊరు ఒకప్పుడు సరస్సు మధ్య ఇసుక దిబ్బ మీద ఉండేది. పెద్ద గాలివాన తర్వాత ఇప్పుడున్న చోటికి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నేను అదే తీసుకున్నాను.

"మన వంతు మొగకాడ ఉండినప్పుడే దిబ్బ ఇడిసి వచ్చినాం" అంది అవ్వ. ఆ తర్వాత ఆ వంతు ఎన్నిసార్లు వచ్చిందో కాన్పులు, పెళ్లిళ్లు గుర్తుపెట్టుకుని ఒక్కొక్కటే చెప్పింది. నేను దాన్ని ఏడుతో హెచ్చించాను. వెనక్కి లెక్కపెడితే ఒక సంవత్సరం వచ్చింది. ఫెయిర్ కాపీలో దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను...

ట్రంకుపెట్టెలో దొరికిన ఇంటి పట్టా జిరాక్సు దానికి జతచేశాను. మేడమ్ రెండూ పక్కపక్కన పెట్టారు.

"పట్టా ఇచ్చిన మూడేళ్లకు ఊరు వచ్చిందా? ఇందులో 'కట్టుకుని ఉన్న ఇల్లు' అని రాసుంది చూడు. కాగితమైనా తప్పాలి, మీ అవ్వయినా తప్పాలి. నువ్వే తేల్చు."

ఇంట్లో ఈ మాట చెప్పగానే నాన్న నవ్వాడు. "ముసలామె మాటలు పట్టుకుని రాస్తే అట్నే ఉంటది. ఇంక కామర్స్ పుస్తకాలు తెచ్చుకుందాం పా."

అవ్వ వినింది. "నాకు తప్పుగా గుర్తుండదమ్మే" అని మాత్రం అంది... ఆ పూట అన్నం సగంలో వదిలేసింది.

ఆదివారం పొద్దున్నే వలల కొట్టం దగ్గరికి వెళ్లాను. వంతులు చెప్పేది అక్కడే. మా ఊళ్లో ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు. జవాబు తెలిసినా క్లాసులో చెయ్యెత్తని దాన్ని నేను.

వంతులు చెప్పే పెద్దమనిషి పోలయ్య తాత. "ఏందిమ్మే, నువ్వు గూడా వల పడతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నోటుబుక్కు ముందుకు చాపాను.

"నాకు చదవను రాదు. నోటితో చెప్పు."

చెప్పాను... అవ్వ చెప్పిన వంతులు, ఏడుతో నా హెచ్చవేత. ఆయన మధ్యలోనే ఆపాడు.

"ఏటా జరుగుద్దని ఎవరు చెప్పినారు నీకు?"

"ఏటా వంతులు చెప్పేది నువ్వే కదా తాతా."

"మొగ ఇసకతో పూడిన ఏడు నీళ్లే రావే. వంతు యాడికి జరుగుద్ది? ఆ ఏడు వల ఉండదు, వంతు అట్టే నిలిచిపోద్ది. నీళ్లొచ్చినాక మళ్లా ఆడ్నించే."

కొట్టంలో ఉన్న అందరికీ అది తెలుసు. ఎంత తెలుసంటే, ఒకరికి చెప్పాల్సిన సంగతని ఎవరికీ తట్టలేదు. అక్కడికెప్పుడూ రాని అవ్వ, తమ జట్టు మొగకాడికి వచ్చిన వంతులే ఎంచింది.

ఊరు మారినాక పూడిన ఏళ్లు ఎన్ని? మూడని ఒకరన్నారు. "నా పెళ్లప్పుడు పూడలా?" అన్నాడు ఇంకొకాయన. నాలుగని తేలింది. నా లెక్కకు నాలుగేళ్లు కలిపి ఇంకా వెనక్కి వెళితే ఊరు మారింది పట్టాకు ఒక ఏడాది ముందు.

కాగితం తప్పలేదు. అవ్వా తప్పలేదు. తప్పింది నా హెచ్చవేత.

ఇంటికొచ్చి చెబితే నాన్న నా నోటుబుక్కు తీసుకుని లెక్క చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అయితే... నేను పుట్టిందెప్పుడో తేలుద్దా?"

ఆయన సర్టిఫికెట్లో ఉన్నది బళ్లో చేర్చుకున్న అయ్యవారు వేసిన తేదీ. ఆయన పుట్టిన ఏడు మా వంతు ఏ చోట ఉందో అవ్వ చెప్పింది, నేను లెక్కవేశాను. సర్టిఫికెట్ కన్నా నాన్న రెండేళ్లు పెద్ద.

"ఊరికే రెండేళ్లు ముసిలోణ్ణి చేసినావు గదమ్మే" అన్నాడు. కామర్స్ మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ఇప్పుడు వంతులు ఫోన్లో, వాట్సాప్ గ్రూపులో వస్తున్నాయి, తేదీతో సహా. ఏ ఏడు ఎక్కడ పడిందో నోటితో చెప్పేవాళ్లు తగ్గిపోయారు. అవ్వ కూడా పోయింది. ఆమె పోయిన రోజు, గంట అన్నీ కాగితం మీద ఉన్నాయి... ఆ ఏడు మా వంతు ఎక్కడుందో మాత్రం ఆ గ్రూపు చూసే పోలయ్య తాత కొడుకును అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

మీ ఇంట్లోనూ అంకెలు లేని సంవత్సరాలు ఉండే ఉంటాయి. తెలిసినవాళ్లు ఉండగానే అడిగి, కింద రాయండి. ముందు నాది రాస్తున్నాను...

మా అవ్వ పోయింది, మా వంతు మొగకు ఒక్క చోటు ఇవతల ఉన్న ఏడు.