రిజిస్ట్రార్ ఆఫీసుకు మేమే వెళ్లిన రోజు

మల్కాజ్‌గిరి స్టేషన్‌లో రైలు దిగి బయటికి రాగానే మిరపకాయ బజ్జీల ఘాటు ముక్కుకు తగిలితే, ఇప్పటికీ నాకు అనసూయ మేడమ్ గుర్తుకొస్తారు. సికింద్రాబాద్‌లో నేను మొదట పనిచేసిన చిట్‌ఫండ్ కంపెనీకి ఆవిడ మేనేజర్. చీటీ పాట ముగిశాక పాడుకున్నవాళ్లకూ, పాడుకోలేకపోయినవాళ్లకూ కలిపి బజ్జీలు తెప్పించేవారు. వాళ్లు తింటుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిట్స్ రిజిస్ట్రార్‌కు పంపాల్సిన నివేదిక రాయించేవారు. పాటకు ఎవరు వచ్చారు, ఎవరు పాడుకున్నారు, ఆ డబ్బు ఎక్కడుంది అన్నది లైసెన్సున్న కంపెనీ ప్రతిసారీ ప్రభుత్వానికి చెప్పాలి. ఇదంతా ఎవరు చదువుతారని నేను విసుక్కుంటే, "ఎవలు సదవకున్నా మనకు ఎర్కుంటది గద, రాయి" అని నవ్వేవారు.

ఒకసారి సైనిక్‌పురి జానకమ్మ గారు మోకాలి ఆపరేషన్ కోసం చీటీ పాడుకున్నారు. జామీనుదారులు దొరికేదాకా ఆవిడ డబ్బును విడిగా బ్యాంకులో ఉంచాలి. మా యజమాని రంగారావు గారు దాన్ని తీసి వాడేశారు. దురాశతో కాదు, భార్య ఐసీయూలో ఉంది. ఆ మాట ఆయనే నా ఎదుట మేడమ్‌తో చెప్పారు.

"కొద్ది రోజుల్లో సర్దేస్తానమ్మా. ఈసారికి బ్యాంకులోనే ఉందని రాసెయ్యండి."

"మీరు పెడ్తరు సార్, నాకు ఎర్కే. కానీ ఇయ్యాల లేవు గద."

"లైసెన్సు పోతే ఇంతమంది ఏమైపోతారు?"

 మేడమ్ బ్యాగు భుజాన వేసుకున్నారు. "నడువుండ్రి సార్. వాళ్లు పిలిచేకంటే ముందే మనం పోయి చెప్దాం. నేను సుత వస్త."

ఆ ఆటోలో నేనూ ఉన్నాను. రిజిస్ట్రార్ ఎదుట రంగారావు గారు తల దించుకుని కూర్చున్నారు. మేడమ్ ఆయన బదులు మాట్లాడలేదు. మంచినీళ్లు అందించి, ఆయన నోరు తెరిచేదాకా పక్కనే కూర్చున్నారు. చివరికి అంతా ఆయనే చెప్పారు.

నోటీసు వచ్చింది. డబ్బు తిరిగి కట్టేదాకా కొత్త చీటీలు ఆపేశారు. రంగారావు గారు కారు అమ్ముకున్నారు. మాకు జీతాలు ఆలస్యమయ్యాయి. కొందరు మేడమ్‌ను తిట్టుకుంటూ మానేశారు. నేరేడ్‌మెట్‌లో నా గది అద్దె కట్టలేక, నేనూ ఉండబట్టలేక అడిగేశాను: "మనకెందుకు మేడమ్ ఈ తక్లీఫ్?"

"జానకమ్మ నడవాలె గదనే," అన్నారు, అంతే.

జానకమ్మ గారికి డబ్బు అందింది, ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత కొత్త చీటీలకూ అనుమతి వచ్చింది. రంగారావు గారు మాత్రం చాలాకాలం మేడమ్‌తో ముభావంగానే ఉన్నారు. ఒకరోజు, కోలుకున్న భార్యను ఆఫీసుకు తీసుకొచ్చి, "నేను చెప్పానే, ఈవిడే" అన్నారు. ఆవిడ మేడమ్ చేతులు పట్టుకుని వదల్లేదు.

మేడమ్ ఇప్పుడు లేరు. నేను ఒక పెద్ద చిట్‌ఫండ్ కంపెనీలో, అన్ని శాఖల నివేదికలూ చూసే ఉద్యోగంలో ఉన్నాను. నిన్న ఒక శాఖ మేనేజర్ ఫోన్ చేసి, లెక్కలో పొరపాటు జరిగిందని చెబుతూ ఏడ్చేశాడు. నేను దాచమనలేదు, కసరలేదు. రేపు పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసుకు అతనితో పాటు నేనూ వెళ్తున్నాను.