మొగ్గ అని నొక్కిన వేలు

నూజివీడు మామిడి తోటల్లో డిజిటల్ నాణెం సంపాదించిన మొదటి రైతును నేనే. ఆ నాణేలతో బోరుకు మోటారు కొన్నాను. నా ఫొటో హైదరాబాదులో ఒక ఆఫీసు గోడ మీద ఉంది. ఈ మాటలు మార్కెట్ యార్డులో, బస్సుల్లో, పెళ్లి భోజనాల బంతిలో చెప్పని రోజు లేదు. చెప్పిన ప్రతిసారీ లోపల ఒక బరువు కదిలేది. దాన్ని అణచడానికే ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణేమో. ఇన్నేళ్లూ మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెప్పడం సులువు.

ముందు కోతలు తీసేస్తాను. మోటారు మా బావమరిది డబ్బుతో కొన్నది. ఫొటో సంగతి పూర్తిగా అబద్ధం. నాణేలకు నాకు దక్కినవి ఫోను రీఛార్జీలు, ఒక టోపీ. టోపీ మాత్రం మంచిదే, ఇప్పటికీ పెట్టుకుంటున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక సంస్థ వాళ్లు మా ఆగిరిపల్లి వైపు వచ్చారు. మామిడి పూత మీద పరిశోధన. వాళ్లతో వచ్చిన సైంటిస్టు చిన్నపిల్ల, ఎండలో తిరిగి మొహం కందిపోయేది. రైతు రోజూ చెట్టు దగ్గరికెళ్లి పూత ఏ దశలో ఉందో చూసి ఫోనులో నొక్కాలి. నొక్కినప్పుడల్లా ఒక నాణెం జమ అవుతుంది. అది చేతికి రాదు, ఫోనులోనే మెరుస్తుంది. మేం పంపిన వివరాలన్నీ కలిపి, ఏ తోటకు ఎప్పుడు మందు కొట్టాలో కంప్యూటరు ఫోనులో చెబుతుంది. బాగుంది కదా? నాకూ బాగానే అనిపించింది.

చుట్టుపక్కల తోటల వివరాలు కూడా నన్నే పంపమన్నారు. నేను పెద్దవాణ్ణి, నలుగురిలో మాట్లాడగలవాణ్ణి, ఫోను కొత్తది. మొదట్లో నిజంగానే తిరిగాను. తరువాత మోకాళ్లు గుర్తొచ్చాయి. వరండాలో మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ నొక్కేవాణ్ణి. తెర మీద అన్నిటికంటే పైన ఉన్నది ‘మొగ్గ దశ’. వేలికి అదే దగ్గర. అన్ని తోటలకూ మొగ్గ, మొగ్గ, మొగ్గ. నాణేలు టింగుమంటూ పడేవి. ఎంట్రీలు పెరుగుతున్నాయని సంస్థలో పెట్టుబడి పెట్టినవాళ్లు సంతోషించారట. ఆ పిల్ల ఫోను చేసి మరీ మెచ్చుకుంది. నాణెం వచ్చేది చెట్టును చూసినందుకు కాదు, చూశానని నొక్కినందుకు. పెద్ద చదువులవాళ్లకు ఈ సంగతి తట్టలేదా? తట్టినా ఊరుకున్నారా? ఈ ప్రశ్న నాకు బాగా నచ్చుతుంది. అడిగినప్పుడల్లా నా తప్పు సగం వాళ్ల మీదికి పోతుంది.

కానీ పోదు. నాగమణి ఉంది కదా.

నాగమణి చాలాకాలంగా మా తోటలో కాయ కోతకు వచ్చిన మనిషి. ఆ ఏడు మొదటిసారి తనే ఒక తోట కౌలుకు తీసుకుంది, మా తోటను ఆనుకునే. గేదెల్ని అమ్మి కౌలు కట్టింది. అన్నీ చిన్న రసాలు. పూత విరగబడి వచ్చింది. ఆ తోటకూ నేనే మొగ్గ అని నొక్కుతున్నాను. నిజానికి అక్కడ పూత పూర్తిగా విచ్చుకుని తేనెటీగలు ముసురుతున్నాయి. ఆ వాసన నా మంచం దాకా వచ్చేది. ఒక పొద్దున ఆమె ఫోనుకు కబురు వచ్చింది, తోట మొగ్గ దశలో ఉంది, వెంటనే మందు కొట్టమని. ఆమె నేరుగా మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

“బాబాయిగారూ, విచ్చిన పూత మీద మందు కొట్టొచ్చాండీ? ఈగలు చస్తే పిందె ఎట్టా నిలబడుద్దండీ?”

“ఫోనులో వచ్చిందంటే అది సైన్సు అమ్మాయ్,” అన్నాను. “మన కళ్లకేం తెలుసు?”

ఆమె కళ్లకు తెలుసు. నా కళ్లకూ తెలుసు. ఫోను చెప్పింది నేను నొక్కిన మాటేనని మాత్రం నాకొక్కడికే తెలుసు. కొట్టొద్దు, నేను చూడకుండా నొక్కాను అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? నాణేలు ఆగిపోతాయనా? అంత చిన్న ఆశకా? కాదు. సైంటిస్టు మెచ్చుకున్న మొనగాణ్ణి, కూలికి వచ్చే మనిషి ముందు మంచం దిగలేదని ఎలా ఒప్పుకోను? అదీ అసలు సంగతి. నోరు పెగల్లేదు.

ఆమె మందు కొట్టించింది. పూత మాడి రాలింది. పిందె పట్టిన కొమ్మను వెతుక్కోవలసి వచ్చింది. మంచు వల్ల అన్నారు ఊళ్లోవాళ్లు. నేనూ గట్టిగా అన్నాను. ఆ వేసవిలో నాగమణి మళ్లీ మా తోటకే కోతకు వచ్చింది. పని ఇచ్చానని అందరూ నన్ను దయగలవాడంటే విని ఊరుకున్నాను. సంస్థ మరుసటి ఏడు రాలేదు. మిగిలిన నాణేలు ఇంకా నా ఫోనులోనే ఉన్నాయి, ఏ కొట్లోనూ చెల్లవు. మా వైపు పూత ఆలస్యంగా విచ్చుకుంటుందని ఆ పిల్ల రాసే ఉంటుంది. ఎక్కడో ఎవరో చదివి నమ్ముతూనే ఉంటారు.

ఇంతవరకూ రాశాక, మీకు చెప్పి ఆమెకు చెప్పకపోవడం ఏం మగతనం అనిపించింది. నిన్న షెడ్డులో కాయలు ఏరుతున్న నాగమణి పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. క్షమించమని అడగలేదు. చదువుతుంటేనే గుండె తేలికపడింది, అది నా స్వార్థమే. ఆమె చేతులు ఆగలేదు. మచ్చ కాయ ఒక పక్కకు, మంచి కాయ ఒక పక్కకు. నోరు పెగల్లేదన్న చోట మాత్రం తలెత్తింది.

“నోరు పెగలకపోవడం ఏంటండీ? ఆ పొద్దున మందు కొట్టే మిషను కూడా మీ దగ్గరే తీసుకెళ్లమన్నారు. అద్దె ముందే పుచ్చుకున్నారు. అదీ రాయండి.”