చుక్క రక్తంలో విషాన్ని వెతికిన యాకూబ్ సార్

మొన్న శుక్రవారం పొద్దున జనగామలో మా కళాశాల ప్రయోగశాల తెరిచి పని మొదలుపెడుతుండగా ఫోను మోగింది. సార్ నంబరే. మహబూబాబాద్‌లో తమ్ముడింటికి వెళ్ళిన మనిషి పని ఎంతవరకు వచ్చిందో అడగడానికి చేశారనుకున్నాను. అవతల ఆయన భార్య షహనాజ్ అమ్మ. "మీ సార్ పోయిండు బిడ్డా. పొద్దుగాల నమాజుకు లేచిండు. గుండెల నొస్తున్నదని గోడకానుకోని కూసున్నడు. దవాఖానకు తీస్కపోయేలోపట్నే అయిపోయింది" అన్నది. చేతిలోని పాము విషపు సీసాకు మూత బిగించి, బీరువాలో పెట్టి తాళం వేసి, అప్పుడు నేల మీద కూర్చున్నాను.

ఆరోజు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. బస్సులు లేవు. సహోద్యోగి మోటారుసైకిల్ మీద బయలుదేరాను. దారిలో రాళ్ళు అడ్డం పెట్టిన యువకులు ఆపారు. "మా సార్ చనిపోయిండు తమ్మీ, మానుకోట పోవాలె" అన్నాను. ఏ సార్ అని అడిగాడొకడు. పేరు చెప్పాను. "దీక్షా టెంటుకొచ్చే ఫిజిక్స్ సారా?" అని, ఇంకేమీ అడగకుండా వంగి రాళ్ళు జరిపాడు. మిగతావాళ్ళు కూడా వంగారు.

యాకూబ్ సార్ పుట్టింది ఆ మానుకోటలోనే, అంటే మహబూబాబాద్‌లో, స్టేషనుకు దగ్గరి వీధిలో. తండ్రి గడియారాలు బాగుచేసేవారు. చేతిగడియారంలోని చిన్న స్ఫటికం అదురుతూ కాలాన్ని కొలుస్తుందని తండ్రి చూపించిన నాటి నుంచి ఆ అదురు తనను వదల్లేదని సార్ చెప్పేవారు. భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి, పెద్ద నగరాల్లో అవకాశాలున్నా జనగామ కళాశాలలో అధ్యాపకులుగా చేరి, ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉండిపోయారు.

ఆయన పరిశోధనను మలుపు తిప్పింది శాస్త్రం కాదు, దుఃఖం. పాలకుర్తి అవతల ఒక పల్లెలో కాపురమున్న ఆయన అక్క ఒక వేకువన పత్తికుప్పలో చెయ్యి పెట్టగా ఏదో కరిచింది. దవాఖానలో ఆమె రక్తాన్ని గాజుగొట్టంలో పోసి చూశారు. రక్తం మామూలుగానే గడ్డకట్టింది కనుక విషం ఎక్కలేదనుకున్నారు. మధ్యాహ్నానికి ఆమె కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది, శ్వాస ఆగిపోయింది. కరిచింది కట్లపాము. ఆ విషం రక్తాన్ని చెడగొట్టదు, నరాలను పట్టుకుంటుంది. ఈ సంగతి మాకు చెప్పినప్పుడు సార్ కంఠంలో నింద లేదు. "డాక్టరు తప్పేమున్నది? గా పరీక్షకు గా విషం కానరాదు. కానొచ్చే పరీక్ష ఇంక ఎవరన్న తయారు చేయాలె" అన్నారు.

ఆ పరీక్షనే ఆయన తన శేషజీవితపు వ్రతంగా స్వీకరించారు. గోరంత స్ఫటికపు పలక, దాని మీద దువ్వెన పళ్ళలాంటి సన్నని లోహపు గీతలు. గీతలకు విద్యుత్ సంకేతం అందిస్తే చెవికి వినబడని శబ్దతరంగం పలక మీద ప్రాకుతుంది. దారిలో చుక్క ద్రవముంటే దాన్ని సుడులు తిప్పుతుంది. మరొక పలక మీద, విషాన్ని మాత్రమే పట్టుకునే పూత. విషం అంటుకుంటే బరువు పెరిగి తరంగం మందగిస్తుంది. ఆ మందగింపును కొలిస్తే విషం ఉన్నదీ లేనిదీ నిమిషాల్లో తేలుతుంది. రక్తాన్ని, దాన్ని పలుచన చేసే మందును ముందుగా సుడి తిప్పి కలపడమెందుకని నేను మొదటి రోజు అడిగాను. "గింత చుక్కల రెండు పోస్తె, దేనిది అదే పక్కపక్కన పండుకుంటయి బిడ్డా. కలుపుదామంటె చెంచ పట్టది. గందుకే చప్పుడుతోని కలుపుతున్నం" అన్నారు.

నేను భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడి కూతురిని. సార్ దగ్గర పరిశోధనకు చేరతానంటే, పాము విషంతో పనని తెలిసి మా బాపు వద్దన్నాడు. సమ్మెతో బాయి మూతబడ్డ రోజుల్లో సార్ స్వయంగా మా క్వార్టరుకు వచ్చారు. "ఆడపిల్లకు విషంతోని పనేంది సార్" అన్నాడు బాపు. సార్ చాయ్ తాగి, మెల్లగా అడిగారు. "కొమురన్నా, బాయిల దిగేటప్పుడు భయమైతదా?"

"ఎందుకు గాదు సార్? అయితది."

"మరెట్ల దిగుతున్నవు?"

"పైకప్పు చూసుకుంట, దాని చప్పుడు ఇనుకుంట దిగుత."

"నీ బిడ్డ గూడ గట్లనే చేస్తది. నేను పక్కనుంట."

బాపు ఇక అడ్డు చెప్పలేదు.

ఆయన వ్యక్తిత్వపు ఔన్నత్యం నాకు పూర్తిగా అర్థమైనది నిధులు మంజూరు చేసే నిపుణుల సంఘం మా పనిని పరీక్షించడానికి వచ్చిన రోజున. ప్రత్యేక రాష్ట్రం కోసం జనగామ రహదారి మీద వంటావార్పు నిరసన జరుగుతోంది. సార్ మధ్యాహ్నం దాకా అక్కడే జనంతో కూర్చుని, చేతులు కడుక్కుని వచ్చి అతిథులను ఆహ్వానించారు. ఆయన వివరిస్తుంటే ఒక సభ్యుడు నవ్వి, "ఇంగ్లీషులోనైనా చెప్పండి, తెలుగులోనైనా చెప్పండి" అన్నాడు. మిగతావారూ నవ్వారు. నా ముఖం మండిపోయింది. సార్ మాత్రం, "నేను చెప్తున్నది తెలుగే సార్. జర నిమ్మలంగ చెప్త, ఇనుండ్రి" అని, అదే భాషలో చివరిదాకా చెప్పారు.

తరువాత ప్రదర్శన. వాళ్ళే గుర్తులు వేసిన ఆరు సీసాల్లో వేటిలో విషముందో యంత్రం చెప్పాలి. ఆరింటికీ సరిగ్గా చెప్పింది. అధ్యక్షుడు లేచి సార్ చెయ్యి పట్టుకున్నాడు. నిధులు వచ్చినట్టేనని నేననుకున్నాను. సార్ మాత్రం కిటికీ వైపు చూస్తున్నారు. పడమటి ఎండ బల్ల మీదికి వచ్చింది. విషమున్న సీసాలు వరుసలో చివరివి, ఎండ పడ్డాక పరీక్షించినవి. "ఒక్క నిమిషం సార్" అని ఉత్త ఉప్పునీటి చుక్క వేశారు. యంత్రం విషమున్నదని చూపింది. పలక వేడెక్కినా తరంగం మందగిస్తుంది. "గిది విషాన్ని చూస్తలేదు, ఎండను చూస్తున్నది. మా పని ఇంక కాలేదు" అని ఆయనే వాళ్ళకు చెప్పారు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నిధులు రాలేదు.

"మిమ్మల్ని ఎవరడిగిన్రు సార్?" అని ఆ సాయంత్రం నేను ఏడ్చాను. ఆయన, "దవాఖానల గీ మిషిన్ని నమ్మి కూసునేటోళ్ళు అడుగుతరు బిడ్డా" అన్నారు.

మరునాడు విద్యార్థులు ఒక విలేకరిని వెంటబెట్టుకుని వచ్చారు. తెలంగాణవాడైనందుకే నిధులివ్వలేదని సార్ ఒక్క మాటంటే పత్రికలో వేస్తామన్నారు. ఉద్యమం ఆయన ప్రాణం. ప్రతి సాయంత్రం దీక్షా టెంటులో కూర్చునేవారు. అయినా, "నా మాటకు నవ్విన్రు. గది నిజం, రాయుండ్రి. పైసలు రాకపోవుడు నా పని తప్పు. గీ రెండు కలపకుండ్రి. మనది న్యాయమైన కొట్లాట, దానికి నా అబద్ధం అక్కెర లేదు" అన్నారు. కొందరు అలిగారు. టెంటులో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. సార్ ఆ రెండు రోజులూ యథావిధిగా వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చుని వచ్చారు.

ఆ తప్పును దిద్దడానికి ఏడాదిన్నర పట్టింది. ఒకే పలక మీద పక్కపక్కన రెండు దారులు వేశాం. ఒకదానికి పూత ఉంటుంది, రెండోదానికి ఉండదు. వేడి రెంటినీ సమానంగా మందగింపజేస్తుంది. తేడా వస్తే అది విషం వల్లనే. గత వేసవిలో కరెంటు పోయి, పంకా ఆగి, గది కొలిమిలా ఉన్న మధ్యాహ్నం కూడా కొలత చెదరలేదు. సార్ చెమట తుడుచుకుంటూ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. "మా అక్క ఉంటె చూపిస్తుంటి" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన కళ్ళు చెమర్చడం ఆ ఒక్కసారే చూశాను. వచ్చే వానాకాలంలో దవాఖాన డాక్టర్లతో కలిసి రోగుల రక్తంతో పరీక్షలు మొదలుపెట్టాలని అనుమతులకు రాసుకున్నాం. ఆ ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదు. ఆయన కలగన్న రాష్ట్రమూ రాలేదు. రెండూ చూడకుండానే మహానుభావుడు అస్తమించారు.

జనాజాను భుజాల మీద ఎత్తుకుని మగవాళ్ళు కదిలాక, నేను ఆడవాళ్ళతో ఇంట్లోనే ఉండిపోయాను. షహనాజ్ అమ్మ నా చెయ్యి వదలకుండా, "మీ ఇద్దరి పని ఎంతదాక వచ్చింది బిడ్డా?" అని అడిగింది. "దగ్గర్ల ఉన్నది అమ్మా" అన్నాను. ఆ జవాబు ఆమెకు సరిపోయిందో లేదో నాకు తెలియదు.

సోమవారం ప్రయోగశాల తెరిచాను. పొద్దుటి కొలత చక్కగా వచ్చింది, మేము ఎదురుచూసిన దానికంటే చక్కగా. ఇంత బాగా వచ్చిన ప్రతిసారీ సార్ వెనుక నిలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "మంచిగున్నది. మళ్ళ చెయ్యి" అనేవారు. ఆ మాటకు విసుక్కున్న రోజులున్నాయి. నా కొలతను నాకంటే ముందుగా అనుమానించే మనిషి ఈ లోకంలో ఇక లేడు. గురువర్యులకు నేను అర్పించగల అంజలి ఒక్కటే అనిపించింది. పలకను కడిగి, ఆరబెట్టి, కొత్త చుక్క వేసి మళ్ళీ చేశాను.