తెగిన మూడో తీగ

మా కౌంటీలో వెర్లిన్ పగ్‌ని ఎరగనివాళ్ళు లేరు. కాటన్‌గిన్ బాయ్స్ బ్యాండు పోస్టర్ మీద పాటగాడు హోయ్ట్ మొహమే పెద్దదిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ పాటల్లో ఏడ్చేది వెర్లిన్ పెడల్ స్టీల్ గిటార్. బల్లలా పరిచిన ఆ వాద్యం ముందు కూర్చుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కింద పాదాలతో పెడళ్ళు నొక్కడం అతను పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాడు. ఇప్పుడు అతని మనవరాలు పికప్ ట్రక్కు నడిపే వయసుకొచ్చింది. ఈలోగా డ్రమ్మర్లు మారారు, బేస్ వాయించేవాడొకడు పాస్టరైపోయాడు. హోయ్ట్, వెర్లిన్ మాత్రం విడిపోలేదు.

వెర్లిన్ గొప్పంతా ఒక్కటే. రికార్డులో ఎలా వాయించాడో ప్రతి డాన్స్‌హాల్లోనూ స్వరం పొల్లుపోకుండా అలాగే వాయిస్తాడు. తక్కినవాళ్ళు ముచ్చటపడి ఏదో ఒకటి కొత్తగా కలుపుతారు, అతనికి అది గిట్టదు.

"జనం ఆ పాట పెట్టుకుని పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మార్చడానికి నేనెవణ్ణి?" అనేవాడు.

వేళ్ళ కణుపులు వాచాక కూడా ఆ పట్టు వదల్లేదు. పొద్దున్నే వేడినీళ్ళ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంటే, భార్య మాడీన్ నీళ్ళు మారుస్తూ, "ఇంక చాలించరాదూ" అని సణిగేది. స్టేజి మీద తప్పు పోయిన రోజున తనే దిగిపోతానని అతని మాట. హోయ్ట్ చేత చేతిలో చెయ్యి కూడా వేయించుకున్నాడు.

"తప్పు వినిపిస్తే నా మొహం మీదే చెప్పాలిరా."

"చెప్పకపోతే చూడు," అన్నాడు హోయ్ట్.

మొన్న ఆగస్టులో కౌంటీ ఫెయిర్. దూడల పోటీ అయ్యాక మధ్యాహ్నం వీళ్ళ పాట. మాడీన్ ఎప్పట్లాగే ముందు వరసలో కూర్చుంది. అందరూ ఎదురుచూసే వాల్ట్‌జ్ పాట వచ్చింది, వెర్లిన్ సోలో అందుకున్నాడు. సగంలో మూడో తీగ టప్పున తెగింది. స్టీల్ వాయించేవాళ్ళకి అదేం కొత్త కాదు, తెగితే ముందు ఆ తీగే తెగుతుంది. మామూలుగా అయితే ముందురోజే కొత్తది కట్టేవాడు, ఈసారి వేళ్ళు వంగలేదు. అతను రెండు చేతులూ పైకెత్తేశాడు. వెనకున్న అతని ఆంప్లిఫయర్ మూగబోయింది.

సోలో మాత్రం ఆగలేదు.

పెద్ద స్పీకర్లలోంచి హాయిగా సాగిపోయింది. జనం కళ్ళు మూసుకుని ఊగుతున్నారు. ఆ జారుడు, చివర ఆ చిన్న వణుకు అతనివే. రికార్డులో ఉన్న కుర్ర వెర్లిన్‌వి. స్వరం పొల్లుపోనివ్వని మనిషి కాబట్టే స్పీకర్లలో వేస్తున్న ఆ రికార్డు అతని వాయింపు మీద అచ్చంగా అతుక్కుపోయింది, ఇన్నాళ్ళూ అనుమానమే రాలేదు.

పాటలయ్యాక బ్యాండు ట్రెయిలర్ బండి వెనక హోయ్ట్‌ని నిలదీశాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"రెండు వేసవులు," అన్నాడు హోయ్ట్, టోపీ అంచు నలుపుతూ.

"మరి నేను వాయించేది?"

"పెద్ద స్పీకర్లలోకి పోదు. నీకు తప్ప ఎవరికీ వినపడదు."

"చెప్తానని చెయ్యి వేశావు కదరా."

"చెప్తే దిగిపోతావుగా. నువ్వు పక్కన లేకుండా నేను పాడగలనా?"

"నేనెక్కడున్నాను? దిష్టిబొమ్మని కూర్చోబెట్టుకున్నావు."

హోయ్ట్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వెర్లిన్‌కి జాలి కలగలేదు సరికదా, ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోసినవాడు పైగా ఏడవడమేమిటి? మగాడిలా లేచి సెలవు తీసుకునే రోజొకటి అతనికి రావలసి ఉంది. అది రెండేళ్ళ కిందటే వచ్చి వెళ్ళిపోయింది, బ్యాండులో అతనికి తప్ప అందరికీ తెలిసి.

పికప్ దగ్గర మాడీన్ స్టీరింగు ముందు కూర్చుని ఉంది. వెర్లిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఆమెకి ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆమె అతని చెయ్యి తీసుకుని కణుపులు నెమ్మదిగా నిమిరింది.

"ఇవాళ కూడా ఎంత బాగా వాయించావో," అంది.

ముందు వరసలో కూర్చుని, ఆ చేతులు గాలిలో ఉండగా కళ్ళారా చూసిన మనిషి. వెర్లిన్ తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.